రాయి సాలు

మొన్న బస్సులో తిరుమణి దాటుతుంటే, మెరక మీద ఆ నిలువురాయి చుట్టూ ఇనుపకంచె, రక్షిత స్మారకమని బోర్డు కనపడ్డాయి. దాన్ని మననుంచి కాపాడుతున్నారో, మనల్ని దాన్నుంచో అని నవ్వుకున్నాను గానీ, మళ్లీ కిటికీ వైపు తల తిప్పలేదు.

నేను కాపురానికి వచ్చిన కాలంలో అది మా చేనులో ఉండేది. రెండాళ్ల ఎత్తు, ఎవరు నిలబెట్టారో మా అత్తగారి అత్తగారికీ తెలియదు. చెనిక్కాయ, అదే వేరుశనగ, విత్తినప్పుడు దాని పాదం నుంచి గట్టుదాకా ఒక సాలు దాని పేరున వదిలేవాళ్లం. కలుపుకు గానీ, పెరకడానికి గానీ అందులో ఎవరూ చెయ్యి పెట్టరు. కొత్త కోడలిగా నాకూ ఆ రాయికీ మౌనంలో పోటీ ఉండేది, ఎక్కువసార్లు అదే ఓడిపోయేదనుకుంటాను.

ఎనభైల్లో ఒక కరువేడు వాన ముఖం చాటేసి, చేనంతా ఎండినా రాయి సాలొక్కటే పచ్చగా నిలిచింది. విత్తనానికి ఇంట్లో గింజ లేదు. మళ్లీ విత్తలేకపోతే మా ఆయన బెంగళూరికి కూలికి పోవలసిందే, అప్పటికే బట్టలు మూట కట్టుకున్నారు. రాయి సాలు పెరుక్కుందామా అని అత్తగారిని అడిగితే, "ఆ సాలు నీదీ కాదు, నాదీ కాదు మే. దాని జోలికి పోవద్దు" అన్నారు.

ఒక మిట్టమధ్యాహ్నం ఆమెకు చెప్పకుండా పోయి, గట్టు దగ్గర మొదలుపెట్టి రాయివైపు పెరుక్కుంటూ నడిచాను. సగం దూరం పోయాక, నేనొక చెట్టు పెరికినప్పుడల్లా వెనక ఇంకో చెట్టు పెరికి మన్ను దులిపిన చప్పుడు. నేను ఆగితే అదీ ఆగేది. ధైర్యం కొద్దీ వెనక్కి చూడలేదని అందరికీ చెప్పుకున్నాను గానీ, నిజానికి మెడ తిరగలేదు. రాయి చేరాక చూస్తే ఎవరూ లేరు. నా పక్కనున్న ఎండుసాలు మాత్రం కొసదాకా పెరికి, వేళ్లన్నీ రాయివైపు తిప్పి పరిచి ఉంది, ఆ ఎండు చెట్లకూ నిండు కాయలే.

రెండు సాళ్ల కాయలూ మూటగట్టి ఇల్లు చేరితే అత్తగారు నా వెనక్కి చూస్తూ, "నీ జతకొచ్చినది ఎవురు మే? మిద్దెమీద నుంచి చూస్తి, ఇద్దరు వంగి పెరుకుతా ఉండిరి" అన్నారు. ఆమె తిట్టలేదు. "పని చేసినోళ్లను ఉత్తచేతులతో పంపేదేంది" అంటూ సగం కాయలు చేటలో పోసుకుని పోయి రాయి కింద పోసి వచ్చారు. మిగిలిన సగంతో చిన్న మడి విత్తుకున్నాం, ఆయన మూట విప్పారు.

ఇప్పుడా నేలంతా సోలారు పలకల కింద ఉంది. చెనిక్కాయ విత్తేవాళ్లూ లేరు, ఎవరి పేరునా సాలు వదిలేవాళ్లూ లేరు. పిలిచే చేను లేక, పెరకడానికి చెట్టు లేక, ఆ చేతులు ఏం చేస్తూ ఉంటాయో అని ఒక్కోసారి అనుకుంటాను.