రేపటత్త లోషన్

వీధిలో అత్తగారి అసలు పేరు ఎవరికీ పట్టదు. వెనకాల అందరికీ ఆవిడ రేపటత్త. కలబంద లోషన్ కోసం ఎవరు సీసా పట్టుకొచ్చినా, ఎంత బతిమాలినా ఒకటే మాట, “రేపు రా.” ఎదురుగా బల్ల మీద అప్పుడే చేసిన లోషన్ గిన్నెడు కనిపిస్తూనే ఉంటుంది. అయినా రేపే. పెళ్లయి వచ్చిన ఎనిమిది నెలల్లో కోడలు దీన్ని పెద్దరికం చూపించుకోవడం కిందే జమకట్టింది. ఈవిడతో వేగలేకపోతున్నానని మొగుడి దగ్గర గొణిగింది కూడా.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. బంతిరేకులు వారం రోజులు నువ్వులనూనెలో నానాలి. తేనెమైనం వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలే తప్ప నేరుగా మంట తగలకూడదు. అది చల్లారుతుంటే కలబంద గుజ్జు చుక్కచుక్కగా పోస్తూ, చెయ్యి నొప్పి పుట్టినా ఆపకుండా చిలకాలి. ఆ కాసేపు పలకరించినా ఆవిడ పలకదు.

కోడలు కుట్టు కార్ఖానాలో గోనెసంచులు కుడుతుంది. పెళ్లికి ముందు నుంచీ ఆ నార లాగి లాగి వేళ్ల చివర్లు బీటలు వారాయి. అక్కడి పట్టుబట్టల విభాగంలో మూడేళ్ల తర్వాత ఇప్పుడే ఒక ఖాళీ వచ్చింది. మర్నాడు పొద్దున్నే పరీక్ష. సూపర్‌వైజర్ ముందు పట్టుగుడ్డను చేత్తో నిమరాలి. ఒక్క పోగు వేలికి పట్టుకున్నా మళ్లీ గోనెసంచులే.

పరీక్షకు ముందురోజు ఉదయమే కొత్త లోషన్ తయారైంది. కోడలు చేతులు చాపింది. రేపు తీసుకోమంది అత్తగారు.

“రేపటికి నా పరీక్షే అయిపోతుంది అత్తయ్యా. ఊరందరితోపాటు నాకూ రేపేనా?”

“ఊరికివ్వనిది నీకెలా ఇస్తానే?”

కోడలు మొహం మాడ్చుకుని పనికి వెళ్లిపోయింది. సాయంత్రం వచ్చేసరికి అత్తగారు ఆ గిన్నెడు లోషనూ చెత్తబుట్టలోకి గీకేస్తోంది. దాంతో కోడలికి ఒళ్లు మండిపోయింది. తనకివ్వడం కన్నా పారబొయ్యడమే నయమనిపించిందా అని గట్టిగానే అడిగేసింది.

అత్తగారు జాకెట్టు చెయ్యి పైకి లాగింది. మోచేతి మడతలో ఎర్రగా దద్దురు లేచి ఉంది. “పూలు ఈసారి కొత్తవాడి దగ్గర కొన్నాను. ఏం మందు కొట్టాడో ఏమో. పొద్దున రాసుకుంటే మధ్యాహ్నానికి ఇలా లేచింది.”

దాని చుట్టూ పాత మచ్చలున్నాయి. ఇన్నాళ్లూ కోడలు వాటిని పొయ్యి దగ్గర కాలినవనుకుంది.

“ఇవన్నీ లోషన్ వల్లేనా?”

“చెడినవాటికే మచ్చలు పడతాయమ్మా. బాగా కుదిరినవి కనిపించవుగా.”

కోడలికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అత్తగారు అదేమీ పట్టించుకోకుండా ఖాళీ సీసా, చెంచా పట్టుకుని చెప్పులేసుకుంది. పుట్టి బుద్ధెరిగి ఎవరినీ ఏదీ అడగని మనిషి, పోయిన వారం లోషన్ పంచిన ఇళ్లన్నీ తిరిగి, మిగిలినదుంటే కాస్త ఇమ్మని అడిగింది. కుళాయిలు బాగుచేసే ఆయన భార్య రెండు చెంచాలిచ్చింది. టీచరమ్మ సీసా మొత్తం ఇవ్వబోయింది కానీ, అందులో వేలు ముంచిన గుర్తు చూసి అత్తగారు పుచ్చుకోలేదు. పైగా లోషన్ చెంచాతోనే తీసుకోవాలని చెప్పలేదా అంటూ నాలుగు చీవాట్లు పెట్టింది. వెళ్లింది అడగడానికి, చేసింది తనిఖీ. వెనకాల నడుస్తున్న కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

తొమ్మిదిళ్లు తిరిగితే అరసీసా పోగైంది. అత్తగారు ఒక్కో వేలికీ మర్దనా చేసి, పాత బనీను గుడ్డతో కుట్టిన తొడుగులు వేసింది. పొద్దున్నకి పగుళ్లు పోలేదు గానీ అంచులు మెత్తబడ్డాయి. పరీక్షలో పట్టుగుడ్డ వేళ్ల కింద ఎక్కడా తట్టుకోకుండా జారింది.

నెల తిరిగాక ఓ సెలవునాడు ఆ సూపర్‌వైజరే పగిలిన మడమలతో గుమ్మంలోకి వచ్చింది. అత్తగారు బజారుకెళ్లింది. బల్ల మీద గిన్నె నిండా తాజా లోషన్ ఉంది.

“కాస్త పెట్టివ్వమ్మా, తొందరలో ఉన్నాను,” అంది సూపర్‌వైజర్.

కోడలు కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. పొద్దున తన మోచేతి మడతలో రాసుకున్న చోటు ఒకసారి చూసుకుంది.

“ఏమీ అనుకోకండి మేడం,” అంది. “రేపు రండి.”