కవర్ మీద ఫోన్ నంబరేయించిన మా బావ

నిన్న పొద్దున ఏడింటికి బావ నంబర్ నుంచి ఫోన్.

ఎత్తలేదు.

మళ్లీ పుస్తకం గురించే అడుగుతాడనుకున్నాను. రెండోసారి మోగితే విసుక్కుంటా ఎత్తాను. బావ కాదు, మా మేనకోడలు. "మావయ్యా, నాన్న పోయాడు" అంది.

బుర్ర పనిసెయ్యలేదు. విజయనగరంలో రైలెక్కి బావ ఊరు నౌపడలో ఎలా దిగానో నాకే తెలీదు.

బావ అంటే మా అక్క మొగుడు. రైల్వేలో గేట్‌మేన్‌గా సేసి రిటైరయ్యాడు. అక్క పోయాక ఒక్కడే ఉండీవోడు, పక్క వీధిలోనే మేనకోడలు. ఊసుపోక ఒక నవల రాసి, సొంతంగా అచ్చేయించీసాడు.

కవర్ డిజైన్ మా విజయనగరంలో ఒక ఫ్లెక్సీ షాపోడు సేసాడు. బావ పక్కన కూకుని మరీ సేయించాడు. ఉప్పు మడులు, వాటి మీద రైలు, రైలు మీద సూర్యుడు, రెండు హంసలు, గూగుల్లో దొరికిన ఎవరో ఫారిన్ పిల్ల. టైటిల్‌కి గోల్డ్ కలర్, దానికి ఎర్ర షేడో.

ఆ టైటిల్ కన్నా పెద్దగా బావ ఫోన్ నంబర్!

"ఏటి బావా ఇది? బోర్లు తవ్వీవోడి బోర్డులాగున్నాది" అన్నాను.

"సదివినోడు నాకు ఫోన్ సెయ్యాల గదరా. నంబర్ కనబడకపోతే ఎలాగ?" అన్నాడు.

నిజంగానే ఒకాయన సేసాడు. కవర్ సూసి, ఇళ్ల స్థలాలమ్ముతారనుకున్నాడట. బావ వదిల్తేనా! అరగంట సేపు కథంతా సెప్పీసాడు. ఆయన ఓపిగ్గా విన్నాడని వారం రోజులు మురిసిపోయాడు. నేను పగలబడి నవ్వాను.

ఇప్పుడు సిగ్గేస్తంది.

నేను లెక్చరర్ని కదా, మా కాలేజీలో పంచమని ఇరవై కాపీలిచ్చాడు. ఆ కవర్‌తో స్టాఫ్ రూమ్‌కెళ్తే పరువు పోతాదని అట్ట కిందకి పెట్టి బీరువా మీద పడీసాను. ఒక్కటీ ఎవరికీ ఇవ్వలేదు. నేనూ తెరవలేదు.

ప్రతి ఆదివారం ఫోన్ సేసీవోడు. "ఎవరైనా ఏటైనా అన్నారేటిరా?"

"సదువుతన్నారు బావా" అనీవోణ్ణి. పచ్చి అబద్ధం.

బావ స్నానానికెళ్లినా ఫోన్‌ని ప్లాస్టిక్ సంచిలో సుట్టి పట్టుకెళ్లీవోడట. మేనకోడలు సెప్పింది.

ఇవాళ పొద్దున, బావ లేని ఇంట్లో కూకుని, మొదటిసారి ఆ పుస్తకం సదివాను.

అందులో ఒక గేట్‌మేన్. రోజూ రైళ్లకి పచ్చజెండా ఊపుతాడు. లోపలోళ్లెవరూ అతన్ని సూడరు. ఒకరోజు కిటికీలోంచి ఒక పాప సెయ్యూపుతాది. డ్యూటీ దిగి పరుగున ఇంటికెళ్లి పెళ్లానికి సెప్తాడు. ఆవిడ వంట ఆపీసి, "ఏ రంగు గౌనేసుకుందేటి?" అనడుగుతాది.

అధ్యాయం అంతే. ఆవిడ మా అక్కే. అచ్చం మా అక్క మాటే.

ఏడుపు ఆగలేదు. ఇంత బాగా రాసావా బావా! ఈ ముక్క నువ్వుండగా అనుంటే నా సొమ్మేటి పోయీది?

ఇప్పుడీ పుస్తకం గురించి మాటాడుకుందామంటే నాకు ఒక్క మనిషి లేడు. ఇంకెవరూ సదవలేదు. నేనే సదవనివ్వలేదు.

నిశ్చింతగా పడుకో బావా. ఇంకెవరి ఫోన్ కోసమూ ఎదురుసూడకు.