గోల్ఫ్ చెరువులో చేపల్ని నేను కాపాడిన వైనం

మొన్న ఆదివారం పొద్దున్న నేనేం చేశానో చెప్తే మీరు నాతో టీ తాగడం మానేస్తారండి. అయినా చెప్తాను. నేను చెప్పకపోతే మా బావ చెప్తాడు, అది ఇంకా దరిద్రంగా ఉంటుంది. నా మూలాన పదకొండు ప్రాణాలు పోయాయి. కంగారుపడకండి, మనుషులవి కాదు!

నేను మాటకారిని కాదని మీకు తెలుసు కదా. బడికెళ్ళింది ఏడో తరగతి దాకా. ఆ ఏడేళ్ళూ కూడా హాజరు పిలిస్తే 'ప్రెజెంట్ సార్' అని గట్టిగా అనలేక సగం రోజులు ఆబ్సెంట్ వేయించుకున్నాను. ఇప్పుడు చేపల చెరువు మీద పని. మేత వెయ్యడం, తెల్లారగట్ల లేచి నీళ్ళు చూడటం. చేపలు మాట్లాడవు, నేనూ మాట్లాడను. బాగా కుదిరింది.

నాకు పెళ్ళయి మూడు నెలలు. కొత్త అల్లుణ్ణి పిలిచి మర్యాద చెయ్యలేదని మా అత్తగారికి బెంగ. పిలుద్దామంటే వాళ్ళది నిడదవోలులో ఒక్క గది ఇల్లు. నలుగురు పడుకుంటే ఐదో మనిషి కాళ్ళు వీధిలో ఉంటాయి. అప్పుడు మా ఆవిడ దుర్గ వాళ్ళ అన్నయ్య సత్తిబాబు ఫోన్ చేశాడు. ఆయన ఒక రిసార్ట్‌లో పని చేస్తాడు లెండి. మేమిద్దరం ఒకరినొకరం 'బావా' అనే పిలుచుకుంటాం.

"బావా, ఈ శనాదివారాలు ఒక ఫ్యామిలీ బుక్ చేసుకుని రావట్లేదు. డబ్బులు కట్టేశారు, గది ఖాళీగా ఉంది. నువ్వూ చెల్లీ వచ్చెయ్యండి."

"పర్లేదా బావా?"

"స్టాఫ్ చుట్టాలు దిగకూడదని రూలు. అదొక్కటే. రెండేళ్ళ నుంచి టెంపరరీగా చేస్తున్నాను. సోమవారం నన్ను పర్మనెంట్ చేసే లెటర్ మీద ఛైర్మన్‌గారు సంతకం పెడతారు. మీరెవరో తెలిసిందా, లెటర్ లేదు, ఉద్యోగమూ లేదు. అంచేత సోమవారం దాకా నువ్వు నాకేమీ కావు. నోరు తెరవకు, చాలు."

నోరు తెరవకపోవడం! నాకు! నాకు బాగా వచ్చిన పని అదొక్కటేనండి. ధైర్యంగా బయల్దేరాం.

కాలవ గట్టు దిగి కొబ్బరితోటల్లోంచి వెళ్తే గేటు. గేటుకి ఒక పెద్ద బండిచక్రం. లోపలంతా అమెరికా పల్లెటూరిలాగ కట్టారండి. చెక్క ఇళ్ళు, చెక్క కంచె, రెండు గుర్రాలు. స్టాఫ్ అందరికీ కౌబాయ్ టోపీలు. మా బావ ఆ ఎండలో తోలు కోటు, నడుముకి బొమ్మ పిస్తోలు పెట్టుకుని గుమ్మంలో నిలబడున్నాడు.

"వెల్‌కమ్ పార్ట్‌నర్!" అన్నాడు నన్ను చూసి.

"నమస్కారమండి," అన్నాను.

దుర్గ గోడ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది.

అక్కడ వరిగడ్డి మోపులు పేర్చి, వాటిమీద కూర్చుని జనం ఫోటోలు దిగుతున్నారు. గుర్రాల దగ్గర ఒకాయన, "ఈ గుర్రమేనండి, మీ వైపు పెళ్ళి ఊరేగింపులకి కూడా వస్తుంది, కావాలంటే నంబర్ రాసుకోండి," అన్నాడు. వెనకాల గోల్ఫ్. ఎకరాలకి ఎకరాలు పచ్చగడ్డి, మేసే గేదె ఒక్కటీ లేదు. కర్రతో బంతిని కొట్టడం, చిన్న బండెక్కి దాన్ని వెతుక్కోవడం. పోగొట్టుకోవడం ఎందుకు, వెతుక్కోవడం ఎందుకు? అడుగుదామనుకున్నాను గానీ నోరు తెరవకూడదు కదా.

మధ్యలో ఒక చెరువు. ఫౌంటెన్, చిన్న చెక్క వంతెన, లోపల రంగుచేపలు. ఎర్రవి, తెల్లవి, బంగారం రంగువి, ఒక్కోటీ మూరెడు.

శనివారం గండం గడిచింది. భోజనాల దగ్గర మా బావ ప్లేటు పెడుతూ వంగి, "బాగుందా బావా?" అన్నాడు నెమ్మదిగా.

"సూపర్ బావా."

"బావా అనకు!"

"నువ్వే కదా అన్నావు."

"నేననలేదు," అని వెళ్ళిపోయాడు.

ఆదివారం తెల్లారగట్ల అలవాటు కొద్దీ మెలకువ వచ్చేసింది. దుర్గ నిద్రపోతోంది. ఊరికే ఉండలేక అలా చెరువు దాకా నడిచాను. అక్కడ ఆపేసి వెనక్కొచ్చేసి ఉంటే ఈ కథే లేదండి.

ఫౌంటెన్ ఆగిపోయి ఉంది. ఒడ్డున చేపలన్నీ గుంపుగా పైకి తేలి, నోళ్ళు బయటపెట్టి గుటకలేస్తున్నాయి.

పరిగెత్తుకెళ్ళి ఒడ్డున వంగి చూశాను.

ఎందుకో మీకు చెప్పాలి. పోయిన వానాకాలం మా నాన్న ఒక చేపల చెరువు కౌలుకి చేశాడు. మూడ్రోజులు మబ్బు పట్టేసింది. నాలుగో రోజు తెల్లారగట్ల మా చేపలు కూడా అచ్చం ఇలాగే పైకొచ్చేశాయి. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే అలాగే వస్తాయి. వెంటనే నీళ్ళని చిలికే ఏరియేటర్లు తిప్పాలి, కరెంటు లేదు. పక్క చెరువాయన దగ్గర జనరేటర్ ఉంది. పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆయన తలుపు ముందు నిలబడ్డాను. "ఏవండీ," అన్నాను. నాకే వినపడలేదు. గట్టిగా పిలవాలంటే మొహమాటం. పెద్దాయన నిద్రలో ఉన్నాడు, ఇంట్లో ఆడవాళ్ళున్నారు, ఏమనుకుంటారో! ఆయనంతట ఆయన లేచి పళ్ళు తోముకోవడానికి బయటికొచ్చేదాకా అక్కడే నిలబడ్డానండి. వెనక్కొచ్చేసరికి చేపలన్నీ పొట్టలు పైకి తిరిగి, చెరువు తెల్లగా ఉంది. చెరువు తెల్లగా ఉండటం మీరెప్పుడైనా చూశారా? చూడకండి. నాన్న ఒక్క మాట అనలేదు. గట్టు మీద కూర్చుని, చొక్కా విప్పి తల తుడుచుకున్నాడు, అంతే. ఇప్పుడు ఆయనా నేనూ వేరేవాళ్ళ చెరువు మీద కూలికి వెళ్తున్నాం. ఆ సంగతి మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు.

అదీ సంగతి. ఈసారి కంగారుపడకుండా పరీక్ష చేశాను. మా వాళ్ళందరికీ తెలిసిందే: చప్పట్లు కొట్టాలి. బాగున్న చేప అయితే బెదిరి లోపలికి పోతుంది. ఊపిరాడని చేప కదల్లేక అక్కడే ఉంటుంది. గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఒక్కటీ లోపలికి పోలేదు. ఇంకా దగ్గరికొచ్చాయి. 'బాబ్బాబు, కాపాడు' అన్నట్టు నా మొహంలోకి చూస్తూ నోళ్ళు ఆడిస్తున్నాయండి.

అంతే, నాలో ఏదో తెగిపోయింది.

"చేపలు పోతున్నాయండీ! లేవండీ! ఎవరైనా రండీ!"

ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ దాచుకున్న అరుపంతా ఒక్కసారి బయటికొచ్చేసింది. చెక్క ఇళ్ళ తలుపులు దబదబా బాదుకుంటూ పరిగెత్తాను. లైట్లు వెలిగాయి. ఇంకో ఊళ్ళో అయితే నాకు పిచ్చి అనుకుని తలుపులేసుకునేవాళ్ళు. కానీ మనది డెల్టా కదండి. ఇక్కడ చేపలు తేలాయంటే పెళ్ళికొడుకు కూడా పీటల మీంచి లేచొస్తాడు. నిక్కర్ మీద ఒక పెద్దాయన ముందు పరిగెత్తుకొచ్చాడు. ఆయనకి సొంత చెరువులు ఉన్నాయట.

"ఆక్సిజన్ పడిందా బాబూ?"

"పడిందండి!"

"చప్పట్లు కొట్టావా?"

"కొట్టానండి, పోలేదండి!"

"ఏరియేటర్లు లేవా?"

"ఫౌంటెన్ ఉందండి, ఆగిపోయింది!"

"మరింకా చూస్తారేంటి, దిగండెహె!"

దిగేశాం. నేను, పెద్దాయన, ఇంకో ముగ్గురు. నడుం లోతు నీళ్ళు. ఎవరో గోల్ఫ్ కర్రలు తెచ్చిచ్చారు. వాటితో నీళ్ళు బాదడం మొదలెట్టాం. నీళ్ళు చిలికితే గాలి కలుస్తుంది కదా. ఒడ్డు మీంచి పెద్దాయన భార్య ఒకటే కేకలు.

"ఏవండీ! బీపీ బిళ్ళ వేసుకోలేదు మీరు!"

"చేపలు పోతుంటే బీపీ ఏంటే! నువ్వెళ్ళి ఆ ఫౌంటెన్ స్విచ్ ఎక్కడుందో చూడు!"

అప్పుడొచ్చాడండి మా బావ. టోపీ ఒక చేత్తో, పిస్తోలు ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చి, నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏం చేస్తున్నారు... సార్?"

"చేపల్ని కాపాడుతున్నానండి!" అన్నాను, ఇంకా గట్టిగా బాదుతూ. ఆ క్షణంలో నేను చాలా సంతోషంగా ఉన్నాను. అబద్ధమెందుకు.

ముందు పెద్దాయన ఆగాడు. ముక్కు ఎగబీల్చి, కాళ్ళ కిందికి చూసుకున్నాడు. "బాబూ... కింద బురద ఎన్నాళ్ళ నుంచి తియ్యలేదో. మోకాలి దాకా దిగిపోతోంది."

కుళ్ళిన కోడిగుడ్డు కంపు. నీళ్ళు నల్లగా మారిపోయాయి. చెరువు మీద పని చేసేవాడు ఎవడైనా ముందు నేర్చుకునేది ఏంటి? పాత చెరువు అడుగు కదపకూడదు. బురద లేస్తే దాంట్లో గ్యాస్ పైకొస్తుంది, ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది. నాకు తెలుసండి! పదేళ్ళ వయసు నుంచీ తెలుసు! ఐదుగురు మనుషులం పావుగంట దాన్ని గంజిలాగ కలిపాం.

సరిగ్గా అప్పుడే ఛైర్మన్‌గారు వచ్చారు. తెల్ల షూస్, తెల్ల టీషర్టు, చేతిలో బ్రెడ్ ప్యాకెట్. మమ్మల్ని ఇంకా చూడలేదు. వంతెన మీద నిలబడి, నవ్వుకుంటూ, మూడు సార్లు చప్పట్లు కొట్టి, "రండమ్మా, రండి," అన్నారు.

అప్పుడు వెలిగింది నాకు. ఆయన రోజూ చప్పట్లు కొట్టి పిలిచి మేత వేస్తున్నారండి. చప్పట్లంటే వాటికి టిఫినే! నన్ను చూసి పైకొచ్చింది ఆకలేసి. వాటికి ఏ రోగమూ లేదు, ఫౌంటెన్ రోజూ రాత్రిపూట ఆపేస్తారట.

ఆయన మళ్ళీ కొట్టారు. ఏ చేపా రాలేదు. కాసేపటికి ఒక బంగారం రంగుది పైకొచ్చింది, పక్కకి ఒరిగి. తర్వాత ఇంకోటి. ఈసారి నిజంగానే గుటకలేస్తున్నాయి. ఫౌంటెన్ వేశారు, పైపులు పెట్టారు, కొన్ని తేరుకున్నాయి. పదకొండు పోయాయి. ఆయన బ్రెడ్ ప్యాకెట్ అలా పట్టుకునే నిలబడ్డారు. చిన్న చేపపిల్లలప్పుడు తెచ్చి చేత్తో పెంచారట. తిడితే బాగుండేది. మా నాన్నలాగే తిట్టలేదు.

మిగతా నలుగురూ మెల్లగా ఒడ్డెక్కేశారు. "మాదేం లేదండి, ఆ కుర్రాడు పిలిచాడు," అని పెద్దాయన టిఫిన్‌కి వెళ్ళిపోయాడు. చెరువులో నేనొక్కణ్ణే మిగిలాను.

ఛైర్మన్‌గారు మా బావ వైపు తిరిగారు. "సత్తిబాబూ, ఎవరితను? నీకు తెలిసినవాడా?"

మా బావ నావైపు చూశాడు. రెండేళ్ళ టెంపరరీ కనపడుతోందండి ఆ కళ్ళలో. చివరికి, "తెలీదు సార్," అన్నాడు.

ఆయన నన్నడిగారు. "ఇతను నీకు తెలుసా?"

"లేదండి," అన్నాను. "నేనిక్కడ ఎవరికీ తెలీదండి."

పెళ్ళిలో నా కాళ్ళు కడిగిన మనిషండి మా బావ. వాళ్ళ నాన్న లేడని తనే పీటల మీద కూర్చున్నాడు.

"ఇతన్ని పంపించెయ్యి. ఫోటో తీసి గేటు దగ్గర పెట్టు. మళ్ళీ లోపలికి రానివ్వకండి," అని ఛైర్మన్‌గారు వెళ్ళిపోయారు.

ఫోటో మా బావే తీశాడు. ఒంటినిండా బురద, చేతిలో ఇంకా గోల్ఫ్ కర్ర. "తల పైకెత్తండి సార్," అన్నాడు. ఎత్తాను. క్లిక్ కొట్టాక, పెదాలు కదపకుండా, "క్షమించు బావా," అన్నాడు.

"అనకు," అన్నాను.

దుర్గ గదిలోంచి బ్యాగు తెచ్చుకుని నా వెనకే నడిచింది. గేటు దాటాం. దాటాక, "మా అన్నయ్య మిమ్మల్ని తెలీదన్నాడా?" అంది.

"నేనూ తెలీదన్నాలే," అన్నాను.

"ఇద్దరికీ సిగ్గులేదు," అని ఏడ్చింది.

ఇంటికెళ్ళాక నాన్నకి చెప్పాను. అంతా విన్నాడు. "ఏం రకం?" అన్నాడు.

"రంగుచేపలు నాన్నా. తినేవి కాదు."

"ఎంతెంత?"

మూర చూపించాను.

"అయ్యో," అన్నాడు. మా చెరువు మొత్తం పోయినప్పుడు కూడా ఆ మాట అనలేదండి.

సోమవారం సంతకం అయింది. మా బావ ఇప్పుడు పర్మనెంట్. అత్తగారు స్వీట్లు పంపించారు. రాత్రి బావ ఫోన్ చేసి, 'బావా' అని గట్టిగా పిలిచి పెట్టేశాడు. తర్వాత నా ఫోటో గేటుకి అంటించిన ఫోటో పంపించాడు. మా పెళ్ళి ఆల్బమ్‌లో ఒక్కదాంట్లో కూడా తలెత్తలేదని దుర్గ ఎప్పుడూ దెప్పుతుంది. దీంట్లో సూటిగా చూస్తున్నాను, బాగానే ఉన్నాను. పైన 'కుక్కలకు ప్రవేశం లేదు' అని కుక్కబొమ్మ, దాని కింద నేను. అయితే ఒకటండి, కుక్క మీద అడ్డంగా ఎర్రగీత కొట్టారు, నా మీద కొట్టలేదు. అల్లుడికి అత్తారింటివాళ్ళు చేసిన మర్యాద అంటే ఇప్పటికి అదొక్కటే!