మోతీని నడిపించిన వానాకాలం

వానకు తడిసిన కుక్క వాసన మా లిఫ్టులో ఇంకా పోలేదు. ఎవరో తమ పెంపుడు కుక్కతో ఇందాకే దిగి వెళ్ళినట్టున్నారు. ఆఫీసుకు ఆలస్యమవుతున్నా ఆ వాసనకు నా కుడిచెయ్యి తనంతట తానే బిగుసుకుంది. నాకు పదకొండేళ్ళప్పుడు గుండ్లపోచంపల్లిలో, పొద్దున్నే తాడు పట్టుకుని గేటు దాటిన ప్రతిసారీ ఇలాగే బిగుసుకునేది.

మా కుక్క పేరు మోతీ. పిల్లగా ఉన్నప్పుడు మేడ్చల్ డిపో వెనక వీధికుక్కలు కరిచి పడేస్తే నాయిన తువ్వాలలో చుట్టి తెచ్చాడు. మనుషులంటే దానికి ప్రాణం. బోనాల నాడు ఇంటినిండా చుట్టాలు దిగి, బెల్లంఅన్నం, వేపాకు, సాంబ్రాణి, కోడికూర వాసనలు కలగలిసిపోయి, పిల్లలందరూ మీదపడి దొర్లినా కిక్కురుమనేది కాదు. ఇంకో కుక్క కనిపిస్తే మాత్రం మెడమీద వెంట్రుకలు లేచి, నా అరచెయ్యి ఒరుసుకుపోయేలా తాడు లాగేది. అందుకే మాది నడకలా ఉండేది కాదు. మలుపు దగ్గర తొంగిచూడడం, ప్రతి గేటు కింద ఏదైనా కదులుతోందా అని వెతకడం, ఉన్నట్టుండి వెనక్కి పరుగెత్తడం.

ఆ యేడు బోనాలైన మర్నాడు తాడు నా చేతిలోంచి జారింది. రాజమండ్రి నుంచి వచ్చి మా వీధి చివర ఉంటున్న సీతమ్మగారి తెల్లకుక్క బన్నీ చెవిని మోతీ పట్టేసింది. బకెట్ నీళ్ళు గుమ్మరిస్తేగానీ వదలలేదు. బన్నీకి నాలుగు కుట్లు పడ్డాయి.

దూలపల్లి ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పని చేసే నాయిన ఇంటికొచ్చి, విని, చొక్కా కూడా విప్పకుండానే అన్నాడు: “ఐతారం షామీర్‌పేట దిక్కు తోల్కపోయి ఇడిసిపెట్టొస్త. ఇగ నాతోని గాదు.”

ఆదివారానికి ఆరు రోజులే. అన్నం సయించలేదు, బడిలో కూర్చోబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున అవ్వ, నాయిన వాళ్ళమ్మ, నా వెంట నడిచింది. వయసులో మేకలు కాసిన మనిషి. చాలాసేపు మా ఇద్దరినీ చూసి, “కుక్క కనవడంగనే నువ్వు తాడు గుంజుతున్నవ్ బిడ్డా. నీ భయం గా తాడుల కెల్లి దానికి పోతాంది” అంది.

కోడిగుడ్డు ఉడికించి, ముక్కలు చేసి నా చేతికిచ్చింది. ఎదుటి కుక్క దూరాన కనిపించగానే, మోతీ మొరగకముందే ఒక ముక్క పెట్టాలి. చెవులు నిక్కబొడిస్తే గుంజకుండా పక్కనున్న మొక్కజొన్న చేలోకి తిప్పుకుపోవాలి. అయితే ఇది అలవాటు చెయ్యడానికి కదలకుండా ఒకచోట ఉండే కుక్క కావాలి. దానికోసం సీతమ్మగారి గేటు ముందు నిలబడి నోరు విప్పడం ఆ వయసులో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని.

ఆవిడ బన్నీ చెవి కట్టు సర్దారు. “మా బన్నీని గేటు లోపల కట్టేసి పక్కన కూర్చుంటానమ్మా. ఎంత దూరంలో ఆగాలో నువ్వే చూసుకో. మీదాన్ని ఎక్కడో వదిలెయ్యమని నేననలేదు కదా” అన్నారు.

మొదటి రోజు ఆరు కరెంటు స్తంభాల అవతల నిలబడ్డాం. శనివారానికి మూడు దాకా వచ్చాం. నాకు ఆగబుద్ధి కాలేదు. రెండో స్తంభం దాటేశాను. మోతీ వెనకకాళ్ళ మీద లేచి గొంతు చించుకుంది. ఏడుస్తూ ఇల్లు చేరాను.

ఆదివారం నాయిన స్కూటర్ బయటపెట్టాడు. అవ్వ అడ్డం నిలబడింది. “ఒక్కసారి నడక జూసినంక తీస్కపో.”

నాయిన మా వెనకే వచ్చాడు. మూడో స్తంభం దగ్గర మోతీ ఆగింది. కట్టు కట్టిన చెవితో బన్నీ వణుకుతోంది. మోతీ గొంతులో గుర్రు మొదలైంది. చెయ్యి గుంజమంటోంది, వేళ్ళను బలవంతంగా వదులు చేశాను. మోతీ తల తిప్పి నా మొహంలోకి చూసింది. గుడ్డు ముక్క తింది.

నాయిన ఇంటికొచ్చి స్కూటర్ లోపల పెట్టాడు. “గీ వారం ఆగుదాం తియ్” అన్నాడు. పై ఆదివారమూ అదే మాట. మోతీ ముసలిదై పోయేదాకా నాయిన వారం వారం ఆగుతూనే ఉన్నాడు. అది బన్నీతో ఎన్నడూ స్నేహం చేయలేదు. రానురాను దగ్గరైనా ఒక్క స్తంభం దూరం మాత్రం ఎప్పుడూ ఉంచుకున్నాం. ఆ దూరం నుంచే సీతమ్మగారూ నేనూ కేకలేసుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

మొన్న ఆ వీధికి వెళ్ళాను. చేను లేదు. రెండువైపులా గోదాముల ప్రహరీలు, మధ్యలో లారీలు. ఒకావిడ పెద్ద కుక్కను పట్టుకుని వస్తుంటే ఎదురుగా ఇంకొకాయన తన కుక్కతో వచ్చాడు. రెండూ పళ్ళు బయటపెట్టాయి, ఇద్దరూ గొలుసులు మణికట్లకు చుట్టుకున్నారు. తప్పుకోమని అరవబోయి ఆగిపోయాను. తప్పుకోవడానికి అక్కడ ఒక్క అడుగు నేల లేదు.