తొండి చేసి ఓడిన ఆట

ఈరోజు పొద్దున నా బామ్మర్ది చేతిలో కావాలనే ఓడిపోయాను. వాడిని సంతోషపెట్టాననుకున్నాను. ఎంత తప్పు చేశానో మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాక గానీ తెలియలేదు.

మార్కాపురంలో నాకు ఒక చిన్న గేమ్స్ దుకాణం ఉంది. కింద చెప్పుల కొట్టు, మెట్లెక్కితే మాది. ఒక గోడకు కంప్యూటర్లు, ఎదురు గోడకు టీవీలు, టీవీల కింద కన్సోళ్లు. మామూలు రోజుల్లో డిగ్రీ పిల్లలు వస్తారు. ఆదివారం పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు కూడా వస్తారు. ఆదివారం టీవీల దగ్గర ఫుట్‌బాల్ ఆటకు ఒక పద్ధతి ఉంది. ఓడినవాడు లేచి, చేతిలో పట్టుకుని ఆడే ప్యాడ్‌ను వరసలో ఉన్నవాడికి ఇవ్వాలి. గెలిచినవాడు కూర్చునే ఉంటాడు, ఎవరో ఒకరు వచ్చి వాడిని లేపేదాకా. ఈ పద్ధతి పెట్టింది నేను కాదు. ఆడేవాళ్లే పెట్టుకున్నారు. నేను కూడా దానికి లోబడే ఉండేవాణ్ణి.

నా బామ్మర్ది ఒకప్పుడు పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు. అంటే, వాడిని లేపగలిగిన మనిషి ఉండేవాడు కాదు.

నాకూ వాడికీ ఎప్పుడూ ఒకటే గొడవ. నేను కంప్యూటర్ మనిషిని. బస్టాండు పక్క నెట్ సెంటర్లో కీబోర్డు మీద ఆటలు నేర్చుకున్నాను. వాడు కన్సోల్ మనిషి. నేను వాడి ప్యాడ్‌ను గిలక్కాయ అనేవాణ్ణి. "గోల్ పడితే చేతిలో వణుకుతుంది, దాన్ని చూసి పసిపిల్లోడి మాదిరి మురుస్తావు" అని ఎగతాళి చేసేవాణ్ణి. వాడు ఊరుకునే రకం కాదు.

"నీది ఆట కాదు బావా, టైపింగు. ఇంకొంచెం ఆడితే కోర్టు ముందర అర్జీలు కొట్టే పనికి పిలుస్తారు."

నిజానికి ఇద్దరి మాటలోనూ న్యాయం ఉండేది. తుపాకీ ఆటల్లో మౌసుకు సాటి లేదు. చెయ్యి ఎంత వేగంగా కదిలితే గురి అంత వేగంగా కదులుతుంది. ప్యాడ్ మీదుండే చిన్న పుల్లను, అదే స్టిక్కును, బొటనవేలితో నెట్టుకుంటూ పోతే గురి నింపాదిగా జరుగుతుంది, ఈలోపు ఎదుటివాడు కాల్చేస్తాడు. ఫుట్‌బాల్‌కు వచ్చేసరికి కథ మారిపోతుంది. కీబోర్డు మీద మీట నొక్కడమో నొక్కకపోవడమో, అంతే. సగం నొక్కడం అనేది లేదు. మనిషి పరుగెత్తితే పూర్తిగా పరుగెత్తుతాడు, లేకపోతే నిలబడిపోతాడు. ప్యాడ్ మీద పుల్లను కొంచెం వంచితే నడుస్తాడు, ఇంకొంచెం వంచితే వంపు తిరుగుతూ పోతాడు. నా బామ్మర్ది ఆడుతుంటే వాడి బొటనవేలు కదిలినట్టే కనిపించేది కాదు. తెర మీద మాత్రం ఆటగాడు ముగ్గురి మధ్య నుంచి జారుకుని వెళ్లిపోయేవాడు.

ఎండాకాలానికి ముందు వాడు పనిచేసే ఫ్యాక్టరీలో పలకలు కోసే మిషన్ దగ్గర రాయి జారింది. వాడి ఎడమచేతి చూపుడు వేలు, నడిమి వేలు సగానికి పోయాయి.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నప్పుడు నా బుర్రలో ఏం తిరిగిందో రాయాలంటే సిగ్గుగా ఉంది. లోపల వాడికి కట్టు కడుతున్నారు. నేను నా ఎడమచెయ్యి ముందుకు చాపి, ఆ రెండు వేళ్లు మడిచి, గాల్లో ప్యాడ్ పట్టుకున్నట్టు పట్టుకుని చూశాను. ప్యాడ్ పైఅంచున ఎడమవైపు రెండు బటన్లుంటాయి. సరిగ్గా ఆ రెండు వేళ్లే వాటి మీద ఉండాలి. వాటిలో ఒకటి నొక్కితే మన జట్టులో బంతికి దగ్గరగా ఉన్న ఆటగాడు మన అదుపులోకి వస్తాడు. ఎదుటివాడు బంతి తీసుకుని మీదికి వస్తున్నప్పుడు అంతా ఆ బటన్ మీదే ఉంటుంది. తర్వాత కీబోర్డు మీద ఉన్నట్టు పెట్టి చూశాను. అక్కడా ముందుకు నడిపే మీట మీద నడిమి వేలే ఉంటుంది. అప్పుడే నా మనసులో ఒక తీర్పు రాసేసుకున్నాను, వీడి ఆట అయిపోయిందని. వాడిని అడగలేదు. వాడు ప్రయత్నించి చూడనూ లేదు.

ఆ తర్వాత వాడు దుకాణానికి రావడం మానేశాడు. నేను రమ్మనలేదు. అది వాడి మీద దయ అనుకున్నాను.

ఈరోజు పొద్దున మెట్లెక్కి వచ్చాడు. ఎడమచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. ఆడుతున్నవాళ్లు ఒక్క క్షణం ఆగిపోయారు. ఒక ఫ్యాక్టరీ కుర్రాడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు.

"అన్న వచ్చినాడు, లేచి చోటియ్ రా."

"లేయొద్దు," అన్నాడు నా బామ్మర్ది. "నేను వరసలోనే కూర్చుంటా."

కూర్చున్నాడు. వాడి వంతు వచ్చేసరికి టీవీ ముందు గెలిచి కూర్చున్నది ఒక డిగ్రీ కుర్రాడు, మంచి ఆటగాడు. నాకు భయమేసింది. ఇంతమంది ముందు వీడు చిత్తుగా ఓడిపోతాడని. ఆ కుర్రాడి భుజం తట్టి లేపాను.

"గెలిచినోణ్ణి నేనెందుకు లేయాలన్నా?" అన్నాడు వాడు.

"మా బామ్మర్దితో నాకు పాత లెక్కలున్నాయి. లేయ్."

"వానితోనే ఆడతాలే బావా," అన్నాడు నా బామ్మర్ది.

"నేనుండగా వానితో ఏంది?"

వాడు లేచి క్యాన్ దగ్గరకు వెళ్లి నీళ్లు తాగుతున్నాడు. ఆ కాస్త సమయంలో నేను సెట్టింగులు తెరిచి, వాడి ప్యాడ్ వైపు ఆటగాణ్ణి మార్చే పనిని ఆటోలో పెట్టేశాను. ఇక ఆ బటన్ నొక్కనక్కర్లేదు, కన్సోలే చూసుకుంటుంది. ఎవరూ గమనించలేదు.

ఆట మొదలైంది. వాడు ప్యాడ్‌ను తొడ మీద ఆనించుకున్నాడు. బంతి వాడి ఆటగాళ్ల కాళ్ల దగ్గర నుంచి జారిపోతూ ఉంది. నేను ముందుకు పోలేదు. బంతిని వెనక్కి వెనక్కి ఇచ్చుకుంటూ కాలం గడిపాను. వాడు గోల్ వైపు వస్తే నా ఆటగాణ్ణి పక్కకు జరిపాను. మొదటి గోల్ పడింది. కుర్రాళ్లు అరిచారు. కాసేపటికి రెండోది పడింది. వాడి ముఖంలో నవ్వు కోసం చూశాను. వాడు తెర వైపు కళ్లు చికిలించి చూస్తున్నాడు.

అప్పుడు వాడు ఎడమచెయ్యిని ప్యాడ్ మీద నుంచి తీసేశాడు. తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

బంతి ఎటు పోతే అటు, వాడి ఆటగాళ్ల నెత్తి మీద ఉండే గుర్తు దానంతట అదే ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి దూకుతూ ఉంది. వాడు దాన్నే చూస్తున్నాడు. వెనక కూర్చున్నవాళ్లకు అది గొప్పగా కనిపించింది.

"చెయ్యి తీసేసి ఆడుతున్నాడు రా. ఎగతాళి చేస్తున్నాడు మన ఓనర్‌ని."

"అన్నా, ఒంటిచేత్తో ఓడిస్తున్నాడు, పరువు పాయె."

నేను అప్పుడైనా గోల్ కొట్టి ఉండవచ్చు. నడిపే పుల్ల ఎడమచేతి కిందే ఉంటుంది కాబట్టి వాడి వైపు ఎవరూ కదలడం లేదు. నేను బంతిని గీత బయటికి తన్నాను.

ఆట ముగిసింది. పద్ధతి ప్రకారం నేను లేవాలి. లేవబోతుంటే వాడే లేచాడు. ప్యాడ్‌ను ఆ డిగ్రీ కుర్రాడి చేతిలో పెట్టాడు.

"గెలిచినోడివి నువ్వు లేస్తావేందన్నా?"

"నేను గెలవలా," అన్నాడు. తర్వాత నాకొక్కడికే వినిపించేటట్టు, "ఈ ఆటలో నేను లేను బావా. నువ్వూ ఆ మిషనూ ఆడుకున్నారు," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అందరూ నా వైపు చూశారు. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "చెయ్యి నొప్పి పుట్టినట్టుంది."

పాపం అన్నారు. తర్వాతి ఆట మొదలుపెట్టారు.

మధ్యాహ్నం ఇంటికి వెళితే నా భార్య అన్నం వడ్డిస్తూ అడిగింది.

"తమ్ముడు వచ్చినాడంట గదా. ఎట్ల ఆడినాడు?"

"గెలిచినాడు."

"ఎవురి మీద?"

"నా మీద."

ఆమె చేతిలో గరిటె ఆగింది. "నువ్వు వదిలేసినావా?"

నేను కూర కలుపుకున్నాను. ఆమె పక్కనే కూర్చుంది.

"నిన్న ఫోన్ చేసి ఏం చెప్పినాడో తెలుసా? ఒకసారి దుకాణంలో అందరితో కూర్చుని చూస్తానక్కా అన్నాడు. ఈ చెయ్యి ఎంతవరకు పనికొస్తాదో చూసుకోవాల. ఇంట్లో ఒక్కన్నే ఆడితే తెలియడంలా అన్నాడు. ఆడగలిగితే ఆడతా, లేకుంటే ఇక దాని జోలికి పోను అన్నాడు. ఇన్ని రోజులు ఇల్లు కదలనోడు గడప దాటినాడు. వాడు గెలవడానికి వచ్చినాడా నీ దగ్గరికి?"

"జాలేసింది," అన్నాను.

"జాలి మేమందరం చూపిస్తానే ఉన్నాం. నీ దగ్గర ఉండదని వచ్చినాడు."

అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాను. నాకున్న జబ్బు ఇదే. ఎదుటి మనిషికి ఏది మంచిదో వాళ్లకంటే ముందు నేను తేల్చేస్తాను. తేల్చి, వాళ్లకు చెప్పకుండా చేసేస్తాను. పట్టుబడితే ఒక అబద్ధం చెబుతాను. ఆ అబద్ధం కూడా ఈరోజు వాడి చేతి మీదికే నెట్టాను.

దుకాణానికి వెళ్లాను. పొద్దున ఉన్నవాళ్లలో చాలామంది ఇంకా ఉన్నారు. టీవీల శబ్దం తగ్గించమన్నాను. పొద్దున సెట్టింగ్ మార్చానని, కావాలనే ఓడిపోయానని, వాడికి చెయ్యి నొప్పి పుట్టలేదని చెప్పాను. ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకడు అడిగాడు.

"అంటే మాక్కూడా మారుస్తుంటావా అన్నా?"

"లేదు."

"ఎట్ల నమ్మాల?"

"పోయిన వారం నేను ఓడింది అందుకే రా," అని ఇంకొకడు అన్నాడు. కొందరు నవ్వారు. పొద్దున నేను లేపిన కుర్రాడు నవ్వలేదు. "ఆ అన్న నాతోనే ఆడతానన్నాడు," అని, ప్యాడ్ కింద పెట్టి వెళ్లిపోయాడు.

ఎండ తగ్గకముందే బండి మీద తర్లుపాడు బయలుదేరాను. వాడు ఉండేది అక్కడే. దారిలో ఒక ఆలోచన వచ్చింది. నా ఎడమచేతి రెండు వేళ్లకు గుడ్డ చుట్టుకుని వాడితో ఆడితే సమానమవుతుంది కదా అని. రోడ్డు పక్కన బండి ఆపి కాసేపు ఆ ఆలోచనను ఇష్టంగానే చూసుకున్నాను. గుడ్డ నేను విప్పేసుకుంటాను, వాడు విప్పుకోలేడు. మళ్లీ నా జబ్బే. బండి తీశాను.

వాడు మంచం మీద పడుకుని ఉన్నాడు. లేవలేదు.

"ఏంది బావా, కప్పు ఇయ్యడానికి వచ్చినావా?"

"తొండి చేసినా. దుకాణంలో అందరికీ చెప్పి వచ్చినా."

"ఏమని?"

"సెట్టింగ్ మార్చినానని. నీకు చెయ్యి నొప్పి అని అబద్ధం చెప్పినానని."

వాడు లేచి కూర్చున్నాడు. "నొప్పి అని చెప్పినావా? అది నాకు తెలియదే."

వాడు గోడ వైపు చూస్తూ, "ఇంక ఏమన్నా ఉన్నాయా చెప్పేటివి?" అన్నాడు.

ఆస్పత్రి వరండాలో వేళ్లు మడిచి చూసుకున్న సంగతి చెప్పాను. వాడి ఆట అయిపోయిందని అప్పుడే అనుకున్నానని కూడా చెప్పాను. వాడు తల ఊపాడు.

"నేను గూడ అనుకున్నా. అయితే నేననుకోవాల గదా అది. నువ్వెందుకు?"

వాడి పాత కన్సోల్ టీవీ కింద తువ్వాలు కప్పి ఉంది. తువ్వాలు తీశాడు.

"కూర్చో. ఈసారి తగ్గినావంటే ఈ ఇంటికి రావొద్దు."

సెట్టింగులు వాడే తెరిచాడు. ఆటోను తీసేశాడు. ఏ బటన్ ఎక్కడ పెట్టుకోవాలో ఒక్కొక్కటీ మార్చి చూసుకుంటున్నాడు. ఉంగరపు వేలిని పైకి చాపి అంచు బటన్ అందుకోబోతే ప్యాడ్ ఒరిగిపోయింది. ఆ పనిని కుడివైపు పుల్లకు మార్చుకో అని చెప్పాలని నా నాలుక మీదికి వచ్చింది. చెప్పలేదు. వాడు ఇంకేదో పెట్టుకున్నాడు. అది సరైనదో కాదో నాకు తెలియదు.

ఆడాం. నాకు వచ్చిందంతా ఆడాను. వాడి ఎడమవైపు ఖాళీ ఎక్కువగా ఉంటోందని కనిపెట్టి అటు నుంచే వెళ్లాను. నాలుగు గోల్స్ కొట్టాను. గోల్ పడిన ప్రతిసారీ ప్యాడ్ చేతిలో వణికింది. వాడు పళ్లు బిగించి కూర్చున్నాడు. ఒక్కసారి మాత్రం నా దారికి సమయానికి అడ్డం వచ్చి బంతి తీసుకున్నాడు. వాడు దాన్ని ముందుకు ఇవ్వబోయేలోపే నేను మళ్లీ లాక్కున్నాను.

"ఇంకోటి," అన్నాడు.

రెండోసారీ ఓడిపోయాడు. బటన్లు మళ్లీ మార్చుకున్నాడు. చెమట పట్టిన చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. సగం పోయిన ఆ వేళ్లను ఈసారి నేను నేరుగానే చూశాను. వాడు దాచుకోలేదు.

"ఇంకోటి బావా."

మూడోసారి కూడా నేను తగ్గలేదు.