ఓపీడీలో క్రేను సైగలు

కరిగిన ఉక్కు నింపిన మూడు వందల టన్నుల లేడిల్‌ను చూపుడువేలితో పైకి లేపినవాణ్ణి నేను. నమ్మకపోతే మానెయ్యండి. సరే, లేపింది క్రేను. దాన్ని నడిపింది పైన క్యాబిన్‌లో కూర్చున్న ఇంకొకడు. నేను కింద నిలబడి వేలు తిప్పేవాణ్ణి. పైగా అది లేడిల్ కూడా కాదు, రోలింగు మిల్లులో మామూలు ఇనుప దిమ్మెలు. వేలు మాత్రం నాదే, అందులో అబద్ధం లేదు.

ఆ పైన కూర్చున్నవాడిది శ్రీకాకుళం పక్క పల్లె, నాది విజయనగరం దగ్గర. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకున్నాం. మిల్లు హోరులో మాట వినపడదు కనుక ఉద్యోగం ఉన్నంతకాలం చేతులతోనే మాట్లాడుకున్నాం. వేలు పైకి పెట్టి చిన్న సున్నా చుడితే ఎత్తమని, కిందికి చుడితే దించమని, అరచెయ్యి నా వైపు లాక్కుంటే ఇటు రమ్మని. తిట్లకూ సైగలున్నాయి, అవి ఇక్కడ రాయను. ఆ హోరే చివరికి మా చెవులు తినేసింది. వాడికి రెండూ పోయాయి. నాకు ఎడమది దివ్యంగా పనిచేస్తుందని అందరికీ చెబుతుంటాను.

రిటైరయ్యాక కూడా ఈ హిందీవాళ్ల ఉక్కు ఊళ్లోనే ఉండిపోయాం. వాడు సెక్టర్ 7లో కొడుకు క్వార్టరులో ఉంటున్నాడు, నేను స్మృతి నగర్‌లో. వాడికి షుగరు. ఈ వానల్లో చెప్పు ఒరుసుకుని కాలి బొటనవేలి పక్కన పుండు పడింది. ఒకరోజు వాడి భార్య ఫోన్ చేసి, పుండు చుట్టూ నల్లబడుతోందని చెప్పింది. కంపెనీ ఆసుపత్రి ఓపీడీకి వెళ్లి వచ్చాడు, డాక్టరు బాగానే ఉందన్నాడట, మరి మందు చీటీ ఏదంటే మాట్లాడడంలేదని ఏడ్చింది.

నాకు సంగతి అర్థమైంది. మునుపు డాక్టరు గది దగ్గర ఒక మనిషి నిలబడి పేరు పిలిచేవాడు. పలకకపోతే వచ్చి భుజం తట్టేవాడు. ఇప్పుడు తలుపు మీద మైకు బిగించారు. అందులోంచి ఒక ఆడగొంతు హిందీలో నంబరు రెండుసార్లు చెప్పి, మనిషి రాకపోతే తర్వాతి నంబరుకి వెళ్లిపోతుంది. గోడకి టీవీ తెర ఉందిగాని, అందులో చేతులెలా కడుక్కోవాలో చూపిస్తుంటారు. హాలునిండా మిల్లులోనూ ఫర్నేసు దగ్గరా చెవులు పోగొట్టుకున్న ముసలాళ్లం. నంబరు తప్పితే మళ్లీ కౌంటరు, మళ్లీ లైను. ఆలోగా డాక్టరు లేచి వెళ్లిపోతారు. మావాడు అలా కూర్చుని, కూర్చుని, ఇంటికొచ్చి బాగానే ఉందని చెప్పేశాడన్నమాట.

వాడింటికి వెళ్లి, ఆసుపత్రికి పదమని ముఖంలో ముఖం పెట్టి అరిచాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

"నాను రాను బావా. అందరి ముందూ ఎర్రోడినాగ కూకోనేను. కాలు పోతే పోనీ."

"పోతే నిన్నెవడు మోస్తాడు, క్రేనా?"

వినపడిందో లేదో, నవ్వాడు. ఈలోగా వాడి భార్య ఆటో పిలిచేసింది.

హాల్లో వాణ్ణి వెనక బెంచీ మీద కాలు చాపించి కూర్చోబెట్టి, నేను వెళ్లి డాక్టరు గది తలుపు దగ్గర నిలబడ్డాను. పక్కనున్న కుమ్హారి నుంచి వచ్చే గార్డు, ఇక్కడ నిలబడకూడదు, బైఠ్ జాఇయే అంకల్ అన్నాడు. కూర్చోనన్నాను. గోడకి అంటించిన కాగితం చూపించాడు. చదివి, బాగుందన్నాను. మోచెయ్యి పట్టుకున్నాడు. లాగు భయ్యా, పడితే ఓపీడీ ఎంతో దూరం లేదన్నాను. అంతే, హాలంతా నా తరఫున లేచి నిలబడింది. లేదులెండి, ఎవరూ లేవలేదు. ఒకావిడ నా కాళ్లకి అడ్డం రాకుండా తన సంచీ జరుపుకుంది. కానీ గార్డు చెయ్యి వదిలాడు, నేను కదల్లేదు.

అక్కడే ఎందుకు నిలబడ్డానో కూడా చెప్పేస్తాను. నా ఎడమ చెవి దివ్యంగా ఏమీ లేదు. సరిగ్గా మైకు కింద ఉంటే తప్ప నాకూ ఆ నంబరు వినపడదు.

వాడి నంబరు మొదటిసారి పలికినప్పుడు అనుమానంగా వినిపించింది. రెండోసారి దొరికింది. చెయ్యెత్తి, అరచెయ్యి నా వైపు లాక్కున్నాను. వెనక బెంచీ మీంచి వాడు లేచాడు. నన్నేనా అని అడగలేదు, మైకు వైపు చూడలేదు. నా చేతి మీదే చూపు పెట్టి కుంటుకుంటూ బయల్దేరాడు. హాలు పెద్దది. సగం దూరం రాకముందే మైకు తర్వాతి నంబరు చెప్పేసింది, ఆ నంబరాయన తలుపు దగ్గరికి వచ్చేశాడు. నేను గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాచాను. నంబరు అయిపోయిందన్నాడు గార్డు.

"నంబర్ గయా హై భయ్యా, ఆద్మీ నహీ గయా," అన్నాను. పోయింది నంబరే, మనిషి వస్తున్నాడు.

వెనకాయన గొణిగాడు, గార్డు ఎవరికో ఫోన్ చేస్తానన్నాడు. చేసుకోమన్నాను. ఆ ఫోన్ కలిసేలోగా మేమిద్దరం లోపలున్నాం.

లోపల ఉన్నది ఒక డాక్టరమ్మ. పుండు చూసి, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని అడిగింది. మైకు గురించి మొదలుపెట్టి, మిల్లంతటినీ మోసిన మొనగాడు వీడేనని చెప్పబోతే, కాస్త నోరు మూసుకోమంది. మూసుకున్నాను. ఆమె చచ్చిన చర్మం కత్తిరించడం మొదలుపెట్టింది. వాడు పైకప్పు చూస్తూ పడుకున్నాడు. ఉన్నట్టుండి కుడి చెయ్యి తిన్నగా చాచి అరచెయ్యి కిందికి పెట్టాడు. ఆమెకి తెలియక కత్తిరిస్తూనే ఉంది.

"ఆపమంటున్నాడమ్మా," అన్నాను హిందీలో.

ఆపింది. ఆ చెయ్యి వైపు చూసింది. మరి నెమ్మదిగా చెయ్యొచ్చనడానికి ఏం చూపిస్తారని అడిగింది. చూపించాను. ఆ తర్వాత వాళ్లకి నా అవసరం పడలేదు.

పుండు ఎముకదాకా పోలేదట. ఇంకా ఆలస్యం చేసి ఉంటే వేలు తీసేయాల్సి వచ్చేదట. రోజు విడిచి రోజు కట్టు మార్పించుకోమంది.

అంటే రోజు విడిచి రోజు ఆ హాలు, ఆ గార్డు. మొన్న వెళ్లినప్పుడు అతను అంకల్ అని మొదలుపెట్టాడు. నన్ను కూర్చోమనే ముందు అదిగో వాణ్ణి ఒప్పించమని వెనక బెంచీ చూపించాను. అక్కడ మావాడు కట్టు కట్టిన కాలు చాపుకుని, నా చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నాడు. నేను మైకు కిందే నిలబడ్డాను.