వాన తగ్గాక మిగతా చెంప

మా సగం బాబాయి ఏ మనిషికీ రెండు చెంపలూ ఒకేసారి గీయడు. ఒక చెంప గీస్తాడు, కత్తి తుడిచి మడుస్తాడు, మెడ పక్కకి వంచి రేకుల మీద చప్పుడు వింటాడు. "వాన తగ్గాక మిగతా చెంప," అని తీరిగ్గా కూర్చుంటాడు. ఇంకో ఊళ్ళో అయితే ఈ మాటకి ఏదైనా అర్థం ఉండేదేమో. మా ఊళ్ళో వాన తగ్గుతుందని అందరూ అంటారు గాని, తగ్గగా చూసినవాడెవడూ నాకు తగల్లేదు.

ఊరి సంగతి కాస్త చెప్పాలి. ఇక్కడ ఉప్పు చల్లుకోరు, పోసుకుంటారు. అగ్గిపెట్టెని పసిపిల్లలా పక్కలో వేసుకుని పడుకుంటారు. బూట్లు ఓ మూల పెట్టి మర్చిపోతే పుట్టగొడుగులు మొలుస్తాయి. తలుపులన్నీ ఉబ్బిపోయి ఉంటాయి కాబట్టి కోపం వచ్చినవాడు ధడేలున తలుపేసి వెళ్ళిపోయే అవకాశం కూడా లేదు. భుజంతో నెట్టి, కాలితో తన్ని, చివరికి ఎవరి మీద కోపం వచ్చిందో వాళ్ళనే సాయం పిలిచి వెళ్ళాలి. ఇంత తడిలో నానుతూ కూడా ఇద్దరు ఎదురుపడితే మాట్లాడుకునేది వాన గురించే. "పడుతోందే." "ఆఁ, పడుతోంది." దీన్ని వీళ్ళు పలకరింపంటారు. పుస్తకాలు లేకపోతే నాకు ఎప్పుడో పిచ్చెక్కేది. వాటికీ బూజే.

బాబాయంటే చుట్టమేం కాదు, నాన్న స్నేహితుడు. బస్టాండుకి వెళ్ళే వీధిలో అతని సెలూను. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు, ఆ వెనక చిన్న పెరడు. రెండు గదుల మీదా కలిపి ఒకటే రేకుల కప్పు. కొట్లో రెండు కుర్చీలు, ఒకటి కుంటిది. అద్దం తడికి నల్లమచ్చలెక్కిపోయింది. అందులో చూసుకున్న ప్రతివాడూ తనకేదో జబ్బు చేసిందని ఉలిక్కిపడతాడు. గుమ్మానికి దళసరి ప్లాస్టిక్ తెర. మూల స్టవ్వు మీద నీళ్ళ కెటిల్ ఎప్పుడూ మరుగుతూనే ఉంటుంది, ఆ ఆవిరికి కిటికీ అద్దాలు తెల్లగా మూసుకుపోయి బయట లోకం ఉందో లేదో కూడా తెలీదు. వాన సంగతి కనుక్కోవడానికి బాబాయికి ఉన్న సాధనం ఒకటే.

"ఏమే, ఎలా ఉంది?" అని వెనక్కి కేకేస్తాడు.

"జోరుగా ఉంది," అని పెరట్లోంచి పిన్ని.

సొంత నెత్తి మీద పడే వాన గురించి పెళ్ళాన్ని అడిగి తెలుసుకునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఓసారి ఉండబట్టలేక అడిగాను.

"వాన పడితే గీయడానికేం బాబాయ్?"

"కత్తికి తడి గాలి పడదు అబ్బాయ్. మెత్తబడిపోతుంది."

"ఇనుము మెత్తబడుతుందా?"

"నువ్వు పుస్తకాలు చదివావు, నేను కత్తి పట్టాను."

"మరి మొదటి చెంప గీసినప్పుడూ వానే కదా?"

"అప్పటికింకా దానికి తెలీదు."

పైగా ఇందులో పక్షపాతం. పోస్ట్‌మాన్ వస్తే ఆకాశం చిల్లుపడి కురుస్తున్నా రెండు చెంపలూ నున్నగా గీసి, మీసం కూడా దిద్ది పంపేస్తాడు. పాలవాడికీ అంతే. ఇదేమిటని నిలదీస్తే, "వాళ్ళ గడ్డాలు మెత్తన," అన్నాడు. యూనిఫాం అన్నా, ఇంటికి పాలు పోసేవాడన్నా బాబాయికి భయమని తీర్మానించుకున్నాను. చిన్న మనుషుల పెద్ద ఎత్తులు నాకు ఇట్టే పట్టుబడతాయి.

సగం చెంపతో ఇరుక్కున్నవాళ్ళని చూడాలి. మా వీధి దర్జీ ఓ పొద్దున టేపు మెడలో, కత్తెర చేతిలో ఉండగానే ఊగిపోతూ వచ్చాడు. అన్నగారితో తాడో పేడో తేల్చుకుని, కొట్టు మధ్యలో గోడ కట్టించేసి వస్తాడట. గోడ కట్టించేముందు గడ్డం ఎందుకో నన్నడక్కండి. బాబాయి ఎడమ చెంప గీశాడు, కత్తి మడిచాడు. దర్జీ మధ్యాహ్నం దాకా అక్కడే పడున్నాడు. పిన్ని రెండుసార్లు టీ ఇచ్చింది. ఇంతలో కొట్టు తాళంచెవి కోసం వెతుక్కుంటూ ఆ అన్నగారే వచ్చి, తెర పక్కకి తీసి తమ్ముడి మొహం చూశాడు.

"ఏంట్రా, అరువుకి కుట్టించుకున్నావా మొహం? సగంలో ఆపేశాడు," అన్నాడు.

దర్జీకి నవ్వాగలేదు. నవ్వాక గోడ గురించి అడగడం ఏం బాగుంటుంది? తాళంచెవి ఇచ్చి వెనకే వెళ్ళాడు. ఇవాళ్టికీ అన్నదమ్ములిద్దరూ ఆ ఇరుకు కొట్లోనే మోచేతులు తగిలించుకుంటూ కుడుతున్నారు. ఒక మంగలి బద్ధకం వల్ల ఒక మంచి గోడ ఆగిపోయింది.

లారీ డ్రైవరుది ఇంకా అన్యాయం. పెళ్ళాంతో పోట్లాడి, సంచీ సర్దుకుని, ఇక ఈ ఊరి మొహం చూడనని బస్సుకి బయల్దేరాడు. దారిలో గడ్డమని దిగబడ్డాడు. బస్సు హారన్ కొట్టుకుంటూ వీధి చివర వెళ్ళిపోతుంటే, సబ్బు నురగతో కుర్చీలోంచి లేచి, "నా బస్సు," అన్నాడు.

"ఇంత వానలో బస్సులేం వెళ్తాయి, కూర్చో," అన్నాడు బాబాయి, బస్సు వెళ్తూ ఉండగానే.

చీకటి పడేవేళకి సగం గడ్డంతో ఇంటికే పోయాడు. పెళ్ళాం లోపల్నుంచి లాగింది, వాడు బయట్నుంచి తోశాడు, తలుపు తెరుచుకుంది. ఆ మొహం చూసి ఆవిడ మెట్ల మీద కూలబడి నవ్విందట. నేనైతే బస్సు టికెట్టు డబ్బులు బాబాయి దగ్గర వసూలు చేసేవాణ్ణి.

ఇక నా వంతు. నేను మా ఊరి ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. అచ్చయిన కాగితం చేతికందే చోటు ఊళ్ళో అదొక్కటే. మందుసీసా చీటీల దగ్గర్నుంచి అక్కడికొచ్చిన ప్రతి అక్షరమూ నేను చదివాను. ఇంకో ప్రెస్సు కావాలంటే ఏరు దాటాలి, ఏరు దాటాలంటే వాన తగ్గాలి. మా ఓనరు ఓ మాసపత్రిక కూడా వేస్తాడు. అందులో ఆయన బామ్మర్ది వర్షం మీద రెండు పేజీల కవిత రాశాడు. నేను దాన్ని నాలుగు పంక్తులకి కోశాను. మిగతాదంతా ఉత్త వాన. అది కిటికీ తీస్తే ఊరికే వస్తుంది, మళ్ళీ సిరా ఖర్చెందుకు?

ఓనరు అందరి ముందూ పత్రిక బల్లకేసి కొట్టాడు. "నాలుగు పుస్తకాలు చదివి తగలడ్డావు. కవిత్వం నీకేం తెలుసోయ్?"

రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే వెళ్ళి ఆ ఉద్యోగం ఆయన మొహానే కొట్టి రావాలని నిశ్చయించుకున్నాను. మాసిన గడ్డంతో వెళ్తే కాళ్ళు పట్టుకోవడానికి వచ్చాననుకుంటాడు. అందుకని సెలూనుకి వెళ్ళాను. బుద్ధి ఉన్నవాడు చేసే పని కాదు.

"ఎక్కడికి అబ్బాయ్, ఇంత పొద్దున్నే అంత మొహం వేసుకుని?" నురగ పట్టిస్తూ అడిగాడు బాబాయి.

"ప్రెస్సుకి. మానేస్తున్నానని చెప్పడానికి."

"మానేసి?"

"ఆలోచించలేదు."

"మంచిది. ఆలోచిస్తే మానలేవు," అని ఎడమ చెంప గీశాడు. నాకు విషయం అర్థమయ్యేలోపు కత్తి మడిచేశాడు. రేకుల మీద వాన దంచుతోంది.

"బాబాయ్, నేను నీ స్నేహితుడి కొడుకుని. నాకు కూడానా?"

"కత్తికి చుట్టరికాలు తెలీవు. చర్మం ఆరిపోతుంది, ఉండు," అంటూ వేడి తువ్వాలు తెచ్చి నా మొహం మొత్తం కప్పేశాడు.

అలా చీకట్లో ఉడుకుతూ ఉండగా తెర కదిలింది. ఎవరో గొడుగు దులిపి, పక్క కుంటి కుర్చీలో కూలబడ్డారు.

"త్వరగా కానివ్వు. పనుంది," అన్నాడు వచ్చినాయన. మా ఓనరు గొంతు.

"ఎక్కడికి ఓనరు గారూ?"

"ఆ ప్రూఫుల కుర్రాడింటికి. వాళ్ళ నాన్న ఎదుటే చెప్పేస్తాను, ఇవాళ్టి నుంచి ప్రెస్సుకి రావద్దని."

"అలాగే చెప్పండి," అన్నాడు బాబాయి. కత్తి గరగరా నడిచింది. కాసేపటికి ఆగింది. "వాన తగ్గాక మిగతా చెంప."

"ఏంటయ్యా ఇది? నేను పెద్దమనిషిని."

"పెద్దమనుషులకనే కుడి చెంపతో మొదలెట్టా," అని బాబాయి నా మొహం మీది తువ్వాలు లాగేశాడు.

అద్దంలో ఇద్దరం కనిపించాం. నాకు ఎడమ చెంప నున్నగా ఉంది, ఆయనకి కుడి చెంప. మిగతా సగాల మీద నురగ. దానికి తోడు అద్దం మచ్చలు.

"రెండూ కలిపితే ఒక మొహం పూర్తయింది. ఇవాళ్టికి ఒక మనిషి పని అయినట్టే," అని బాబాయి బల్ల మీద కూర్చుని పాత పేపరు తీశాడు.

"మా ఇంటికి బయల్దేరారట," అన్నాను అద్దంలోకి చూస్తూ.

"నువ్వు ప్రెస్సుకి బయల్దేరినట్టున్నావు."

"మానేస్తానని చెప్పడానికి."

"నేను తీసేస్తానని చెప్పడానికి. ముందెవరు బయల్దేరారు?"

"నేనే. నా నురగ అణిగిపోయింది చూడండి."

ఆయన చూశాడు. ఆధారం బలంగా ఉంది. బాబాయి పేపరు వెనకనుంచి, "ఏమే, ఎలా ఉంది?" అన్నాడు. "జోరుగా ఉంది," అంది పిన్ని. నిజంగానే చప్పుడు పెరిగింది.

"రెండు పేజీల కవితని నాలుగు పంక్తులు చేస్తావా?" అన్నాడు ఓనరు చివరికి.

"ఆ రెండు పేజీలూ మీరు చదివారా?"

"చదవకేం?"

"చివర ఏముంది?"

ఆయన రేకుల వైపు చూశాడు. "వాన."

"మధ్యలో?"

"వానే." పెదవి మూల వణికింది, నురగ పగిలింది. "మా ఆవిడ తమ్ముడోయ్. రోజూ మా ఇంట్లోనే భోజనం. తింటూ వినిపిస్తాడు. నువ్వంటే కోసిపారేసి హాయిగా ఇంటికి పోయావు. రాత్రి పదింటి దాకా ఆ రెండు పేజీలూ విన్నది నేను."

"మరి నన్నెందుకు తిట్టారు?"

"వాణ్ణి తిట్టలేక."

ఇలాంటి మనిషి దగ్గర ఉద్యోగం మానడం కూడా దండగే అనిపించింది.

"అందరి ముందూ తిట్టారు," అన్నాను, అంత తేలిగ్గా వదలడం ఇష్టంలేక.

"అందరి ముందే టీ ఇప్పిస్తాలే. ప్రూఫులు పేరుకుపోయాయి, సాయంత్రానికి కావాలి."

ఎండిన నురగ మంట పుడుతోంది. కడుక్కుని వస్తానని లేచి ఇంటి గుండా పెరట్లోకి వెళ్ళాను.

పెరట్లో ఎండ. అచ్చమైన, సిగ్గులేని ఎండ. తీగ మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి. ఆ ఎండలో పిన్ని ముక్కాలి పీట మీద గొడుగు వేసుకుని కూర్చుని, కుళాయికి తగిలించిన రబ్బరు పైపుతో రేకుల మీద నీళ్ళు కొడుతోంది. నీళ్ళు చూరు మీంచి జారి ఆవిడ గొడుగు మీదే పడుతున్నాయి.

నన్ను చూసి కంగారేం పడలేదు. "రాజీ పడ్డారా?" అంది.

"పడ్డాం."

"అయితే ఆ కుళాయి కట్టెయ్ నాయనా. చెయ్యి లాగేస్తోంది. దర్జీ అప్పుడు మధ్యాహ్నం దాకా తేలలేదు, ఆ లారీ అబ్బాయికైతే పొద్దుగుంకింది."

"ఎప్పుడాగింది పిన్నీ వాన?"

"మీ ఓనరు గొడుగు ముడిచాడో లేదో ఆగిపోయింది. ఈ ఊరి వాన అంతే. అక్కర్లేనన్నాళ్ళూ కురిసి, అవసరానికి ఉండదు."

"ఇదంతా బాబాయికి..."

"ఆయన చెప్పిందేగా. కోపంగా బయల్దేరినవాణ్ణి కాసేపు కూర్చోబెడితే చాలంటాడు. ఊరికే కూర్చోమంటే ఎవడు కూర్చుంటాడు? సగం గడ్డంతో పోట్లాటకి పోయినవాడు మాత్రం ఇంతవరకూ లేడు."

అప్పుడు నాకు పోస్ట్‌మాన్ గుర్తొచ్చాడు. పాపం, అతనికి ఎవరి మీదా కోపం లేదు. అందుకే ఏనాడూ రెండో చెంప బాకీ పడలేదు.

కుళాయి కట్టేశాను. రేకుల మీద చప్పుడు ఆగీ ఆగగానే కొట్లోంచి బాబాయి, "తగ్గినట్టుంది, రండి రండి, మిగతా చెంపలు," అన్నాడు. నేను మొహం కడుక్కుని వెళ్ళి, "ఇప్పుడే తగ్గింది," అన్నాను. ఓనరు తెర తీసి ఎండకి కళ్ళు చిట్లించి, నేల ఇంత త్వరగా ఎలా ఆరిందబ్బా అని ఆశ్చర్యపోయాడు. అచ్చయినదంతా నమ్మే మనిషి ఆయన. ఇది అచ్చు కాకపోయినా నమ్మాడు.

దానివల్ల నాకు ఒరిగిందేమిటంటే, పిన్నికి భుజం నొప్పి వచ్చిన రోజుల్లో ఆ పైపు నా చేతికి వచ్చింది. ఏడాది పొడుగునా వాన ఊరికే పడే ఊళ్ళో, కుళాయి నీళ్ళతో వాన కురిపించే ఉద్యోగం. జీతం లేదు. ఒక చేత్తో పైపు, మెడకీ భుజానికీ మధ్య గొడుగు, ఒళ్ళో పుస్తకం. పేజీలు తడుస్తాయి. ఎలాగూ బూజు పట్టేవే.

మొన్న ఆదివారం కుర్చీలోకి దిగినవాడు ఓనరు బామ్మర్ది. తన కవిత కోసిన వెధవ ఎవడో ఇన్నాళ్ళకి కనుక్కున్నాడట, వాడి ఇంటికే బయల్దేరాడట. కుడి చెంప అయ్యాక కత్తి మడిచిన చప్పుడు వినిపించింది. నేను కుళాయి తిప్పాను.

"ఆహా, ఏం వాన," అంది లోపల్నుంచి కవిగారి గొంతు.

"ఏమే, ఎలా ఉంది?" అని అలవాటు కొద్దీ కేకేశాడు బాబాయి.

నేను గొంతు సన్నం చేసి, "జోరుగా ఉంది," అన్నాను.